మీ అమ్మకి చెప్పు

నాగాయలంక
14 జూన్ 2023

కృపా,

నీ మీద కోపంగా ఉన్నాను. ఆ మాట ముందే అనేస్తే గానీ నాకు మిగతాది రాయబుద్ధి కాదు. ఫోన్ చేస్తే రెండు ముక్కలు మాట్లాడి "ఉంటానత్తా" అంటావు. గట్టిగా అడిగితే "ఏమైనా ఉంటే కాలేజీ అడ్రసుకి ఉత్తరం రాయి" అంటావు. ఈ రోజుల్లో ఉత్తరమేంటండీ టీచరమ్మగారూ అని పోస్టుమాస్టరు కూడా నవ్వాడు. నవ్వితే నవ్వాడు. ఫోనంటే పెట్టేస్తావు, ఉత్తరాన్ని మధ్యలో పెట్టెయ్యలేవు కదా.

ఇక్కడ ఎండలు ఇంకా తగ్గలేదు. పక్కన చలపతిరావుగారి రొయ్యల చెరువు మోటార్లు పగలూ రాత్రీ ఒకటే రొద. మొన్న కరెంటు పోయి ఆ రొద ఆగిందా, నిద్రపోయేదాన్ని ఉలిక్కిపడి లేచాను.

సరే, అసలు సంగతికి వస్తాను. పెళ్ళయి నాలుగేళ్ళు దాటింది. స్త్రీల సమాజంలో ఎవరు కనబడినా "మీ మేనకోడలికి ఏమైనా విశేషమా?" అంటారు. నేనేమో పళ్ళికిలించి "ప్రార్థన చెయ్యండి" అంటాను. మీ అమ్మ పోయాక నిన్ను పెంచింది నేను. నీ బిడ్డని కాళ్ళ మీద వేసుకుని నీళ్ళు పొయ్యాలని ఉందే. నా మోకాళ్ళు పూర్తిగా పోయాక కంటే ఏం లాభం?

హరిబాబు లాంటి అల్లుడు ఎవరికి దొరుకుతాడు? తాగడు, కొట్టడు, ఆదివారం క్వయర్‌లో గొంతు విప్పితే చర్చి అంతా కదలకుండా వింటుంది. ఇంకేం కావాలే నీకు? విజయవాడలో మంచి లేడీ డాక్టరు ఉందట. నేనే తీసుకెళ్తాను. ఎప్పుడు వస్తావో రాయి.

నీ సరోజత్త

మచిలీపట్నం
22 జూన్ 2023

ప్రియమైన అత్తకు,

అడ్మిషన్ల హడావిడిలో నీ ఉత్తరం నా టేబుల్ మీదకి వచ్చింది. లంచ్ టైములో చదువుకుని నవ్వుకున్నాను. చాలా రోజులైంది అలా నవ్వి.

ఫోన్ సంగతి చెప్తాను. ఆయన నాతో మాట్లాడరు అత్తా. పూటో రోజో అలగడం కాదు, నెలలు. ఈసారి ఈస్టరు నుంచి. ఆ రోజు ఎవరో ఆయన పాటని మెచ్చుకుంటే, "ఇంట్లో కూడా కాస్త పాడితే బాగుండు" అన్నాను సరదాకి. అంతే.

ఇంట్లో నేను ఫోన్ ఎత్తితే ఆయన టీవీ కట్టేస్తారు. ఫ్యాను కూడా ఆపేసి, కుర్చీ లాక్కుని కూర్చుని వింటారు. చెమటలు కారుతున్నా కదలరు. ఇక నేనేం మాట్లాడతాను నీతో?

నువ్వన్నట్టు కొట్టరు, తిట్టరు. పెట్టింది తింటారు, కంచం కడిగి బోర్లిస్తారు. నా వైపు చూడరు, నా పక్కనున్న గోడని చూస్తారు. ఎవరైనా ఇంటికి వస్తే మాత్రం "కృపా, అయ్యగారికి కాఫీ తీసుకురామ్మా" అంటారు. ఎంత బాగా అంటారో! వాళ్ళు గేటు దాటగానే మళ్ళీ మామూలే. ఆయన నోట నా పేరు వినాలని ఎవరినో ఒకరిని భోజనానికి పిలుస్తుంటాను. రాయడానికి సిగ్గుగా ఉంది. మాట ఆగుతుంది గానీ మిగతాదేదీ ఆగదు. అంతకంటే రాయలేను.

నాకే లోపమూ లేదు, డాక్టర్లు వద్దు. పిల్లలు పుట్టకుండా నేనే బిళ్ళలు వేసుకుంటున్నాను.

అరవకు. ముందు ఇది చదువు. పోయిన వేసవిలో గుడివాడ నుంచి మా సుమలత వదిన కూతురు షారోను సెలవులకి వచ్చింది గుర్తుందా? ఆరేళ్ళది. ఆయన పాటల పుస్తకం మీద నీళ్ళ గ్లాసు ఒలకబోసింది. ఆయన ఏమీ అనలేదు. పుస్తకం ఎండలో పెట్టారు. ఆ క్షణం నుంచి ఆ పిల్ల ఆయనకి లేదు. "మావయ్యా, సారీ మావయ్యా" అని చొక్కా పట్టుకుని లాగేది. ఆయన పేపరు చదువుకునేవారు. ఎదురుగా నిలబడి డాన్సు చేసేది, ఏడ్చేది. సెలవులంతా అంతే. వెళ్ళేముందు ఒక మధ్యాహ్నం అద్దం ముందు నిలబడి నన్ను అడిగింది, "అత్తా, నేను కనబడుతున్నానా?" అని.

వదినకి చెప్తే, "మా తమ్ముడు చిన్నప్పటి నుంచీ అంతే, మా నాన్నా అంతే" అని నవ్వేసింది.

నా బిడ్డ కూడా ఆ అద్దం ముందు నిలబడాలా? ఆయన మారితే అప్పుడు చూద్దాం. నీ కాళ్ళు పట్టుకుంటాను, ఇది ఎవరికీ చెప్పకు.

నీ కృప

నాగాయలంక
3 జూలై 2023

కృపా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం సయించలేదు. బిళ్ళలేంటే! దేవుడిచ్చేదాన్ని వద్దనడానికి నువ్వెవరు? చదువుకున్నదానివి, కాలేజీలో పనిచేస్తున్నదానివి, నీకు నేను చెప్పాలా?

మాట్లాడడంటావు. మీ ఇస్సాకు మావయ్య ఎలాంటివాడో మర్చిపోయావా? నిద్రలో కూడా మాట్లాడేవాడు. బస్సులో పక్కనవాడి ఊరు, పేరు, పొలం గట్టు తగాదా అన్నీ కనుక్కుంటే గానీ పులిగడ్డ వంతెన దాటేవాడు కాదు. ఈయన నోరు కాసేపు మూయించు దేవా అని మొక్కుకున్న రోజులున్నాయి. ఇప్పుడు ఆ గొంతు వినబడితే బాగుండునని ఏడుస్తున్నా, అది వేరే సంగతి. మగవాళ్ళు రెండు రకాలు. నీకు మాట్లాడని రకం దొరికాడు. చంటిది ఒళ్ళోకి వస్తే ఎంతటివాడికైనా నోరు ఊరుకోదు. వాళ్ళతో ఊసులాడాలిగా! షారోను ఆయన సొంత బిడ్డ కాదు, అది మర్చిపోకు.

నువ్వు భయపడకు, ఎవరికీ చెప్పలేదు. శుక్రవారం అవనిగడ్డ ఉపవాస కూడికలో ప్రార్థన అవసరతలు అడిగితే మాత్రం నా వల్ల కాలేదు, లేచి నిలబడ్డాను. పేరు చెప్పలేదు సుమా! "బందరులో ఒక బిడ్డ ఉంది. భర్త క్వయర్‌లో పాడతాడు, చిలకలపూడిలో రోల్డుగోల్డు షెడ్డు చూసుకుంటాడు, దైవభక్తి కలవాడు. ఆ పిల్లే గర్భం రాకుండా బిళ్ళలు మింగుతోంది, ఆమె మనసు మార్చమని ప్రార్థించండి" అన్నాను, అంతే. దేవుడికి పేరెందుకు? అందరూ కన్నీళ్ళతో ప్రార్థన చేశారు. నా గుండె బరువు దిగింది. నీదీ దిగుతుంది.

అత్త

మచిలీపట్నం
7 ఆగస్టు 2023

అత్తా,

పేరొక్కటే చెప్పలేదు నువ్వు.

అవనిగడ్డ పాస్టరమ్మగారు నీ ప్రార్థన అవసరతని అన్ని సంఘాల వాట్సాప్ గ్రూపులో పెట్టారు. గుడివాడలో వదిన చూసింది. మా పాస్టరు శామ్యూల్ రాజ్ అయ్యగారు పాపం మంచి మనిషి, ఎవరి గురించో తెలియక పోయిన నెలలో ఒక ఆదివారం ఆరాధనలో చదివారు. చిలకలపూడి, క్వయర్, రోల్డుగోల్డు, బిళ్ళలు. చర్చిలో ఒక్కొక్క తలా నా వైపు తిరగడం నాకు తెలుస్తూనే ఉంది. ఆయన పాటకి సిద్ధంగా ముందు నిలబడి ఉన్నారు. అయ్యగారు చదవడం అవగానే అందరికంటే గట్టిగా "ఆమేన్" అన్నది ఆయనే. తరువాత పాడారు. ఎప్పటికంటే బాగా పాడారు.

ఇంటికి వచ్చి అన్నం వడ్డించాను. ఆయన లోపలికి వెళ్ళి, బీరువాలో నా చీరల కింద నుంచి బిళ్ళల అట్ట తీసుకొచ్చి ఉప్పు డబ్బా పక్కన పెట్టారు. వెతకలేదు అత్తా, తిన్నగా వెళ్ళి తెచ్చారు. ఎన్నాళ్ళుగా తెలుసో! తిన్నారు, కంచం కడిగి బోర్లించారు. నేను అట్ట తీసి మళ్ళీ దాచాను. రాత్రి భోజనాల వేళకి అది మళ్ళీ ఉప్పు డబ్బా పక్కనే ఉంది.

ఇక దాచడం మానేశాను. ఆయన ఎదురుగానే వేసుకుంటున్నాను. నేను నీళ్ళు తాగేవరకూ చూస్తారు. నన్ను ఆయన చూసేది ఆ కాసేపే.

నిన్ను తిట్టాలని కూర్చున్నాను. తిట్టడం రావడం లేదు. ప్రార్థనలో చెప్తే అది ఎవరికో చెప్పినట్టు కాదని నువ్వు నిజంగానే అనుకున్నావు, నాకు తెలుసు.

కృప

నాగాయలంక
16 ఆగస్టు 2023

నా తల్లీ,

నా నోరు పడిపోను. నీ ఉత్తరం చదివి చెంపలు వాయించుకున్నాను. నిలబడినప్పుడు నాకు నువ్వే కళ్ళముందున్నావు, ఎదురుగా అంతమంది ఉన్నారని తోచలేదు.

జరిగిందేదో జరిగింది. తప్పు నాది కాబట్టి నేనే హరిబాబుకి ఉత్తరం రాసి క్షమించమని అడిగాను. పదిమందిలో తల దించుకోవలసి వచ్చింది కదా, పాపం మగవాడికి అదెంత నామోషీ! నువ్వు కూడా కాస్త తగ్గు. ఆయన ముందు ఆ బిళ్ళలు మింగడం ఏంటే, పంతం కాకపోతే? నాకు భయమేస్తోంది. ఎందుకో చెప్పలేను.

అత్త

మచిలీపట్నం
2 సెప్టెంబరు 2023

గౌరవనీయులైన అత్తయ్యగారికి హరిబాబు వందనములు.

పెద్దవారు మీరు నన్ను క్షమాపణ అడగడం నాకు బాధ కలిగించింది. మీ ప్రార్థనలో తప్పేమీ లేదు. నేనూ ఆమేన్ అన్నాను.

నాకు ఎవరి మీదా కోపం లేదు. కోపంలో మాట జారితే వెనక్కి తీసుకోలేము గనుక నేను మాట జారను. ఈ విషయంలో మా నాన్నగారే నాకు ఆదర్శం. చివరి ఏడేళ్ళు మా అమ్మతో ఆయన మాట్లాడలేదు, కానీ ఒక్కనాడు కూడా ఆమెను నొప్పించలేదు. మా ఇంట్లో కేక అన్నది వినబడి ఎరుగము.

కృప మంచిది. తొందర ఎక్కువ. నాకు తొందర లేదు. బిడ్డ దేవుని చిత్తమైనప్పుడు వస్తుంది.

మీ మోకాళ్ళ నొప్పికి ఇక్కడ మంచి నూనె దొరుకుతుంది, పంపిస్తాను. ఇకపై ఉత్తరాలు ఇంటి అడ్రసుకే రాయవచ్చు. కాలేజీకి రాస్తే ఆలస్యమవుతుంది కదా.

తమ విధేయుడు
హరిబాబు

మచిలీపట్నం
22 జనవరి 2024

ప్రియమైన అత్తకు,

ఇన్నాళ్ళు రాయనందుకు కోప్పడకు. ఆయన ఉత్తరం చదివి వినిపించి "ఏం దస్తూరీ, ఏం మర్యాద!" అని నువ్వు ఫోన్‌లో మురిసిపోయాక నాకు ఏం రాయాలో తోచలేదు. వాళ్ళ నాన్నగారి గురించి ఆయన రాసిన ముక్క చదివీ నువ్వెలా మెచ్చుకున్నావో నాకు అర్థం కాలేదు.

కానీ తరువాత ఒక వింత జరిగింది. డిసెంబరు మొదట్లో ఒక ఆదివారం చర్చి నుంచి వస్తూ బండి ఆపి, "పాలకాయతిప్ప వెళ్దామా?" అన్నారు. ఎవరితోనో అనుకుని వెనక్కి చూశాను. నాతోనే! దారిపొడుగునా మాట్లాడారు. కోతలైన పొలాలు, షెడ్డులో కొత్త డిజైన్లు, చిన్నప్పుడు ఏట్లో మునగబోయిన సంగతి. కృష్ణ సముద్రంలో కలిసే చోట ఇసుకలో కూర్చుని పల్లీలు తింటూ నా కోసం పాడారు. నాకు ఏడుపొచ్చింది. "పిచ్చిదానా" అన్నారు. క్రిస్మస్ దాటినా మా ఇల్లు ఇల్లులానే ఉంది. పొద్దున్నే వంటింట్లోకి వచ్చి కబుర్లు చెప్పేవారు. నేను కూరలు మాడ్చేదాన్ని.

బిళ్ళలు నేనే పారేశాను. ఎవరూ చెప్పలేదు, ఎవరి ప్రార్థనా కాదు. ఇలాంటి ఇంట్లోకైతే బిడ్డ రావచ్చు అనిపించింది.

వచ్చింది అత్తా. పోయిన వారం డాక్టరు ఖాయం చేసింది. ఆయన డాక్టరుకి దణ్ణం పెట్టారు, నర్సులందరికీ బందరు లడ్డూలు పంచారు. నేను బండెక్కి, "ఎవరికి ముందు చెబుదాం?" అన్నాను. జవాబు లేదు. గాలికి వినబడలేదనుకుని మళ్ళీ అడిగాను. ఇంటికొచ్చి తాళం తీసి, నా పక్కనున్న గోడని చూస్తూ లోపలికి వెళ్ళిపోయారు.

అప్పటి నుంచీ అంతే. ఈసారి నేనేమీ అనలేదు. ఏం తప్పు చేశానా అని వెతుక్కుంటున్నాను. కావలసింది దొరికేసింది గనుక ఇక మాటలు అక్కర్లేదేమో అనిపిస్తుంది, వెంటనే ఛీ అనుకుంటాను. కడుపులో ఉన్నదానికి నేనేం చేశాను అత్తా? ఎక్కడికి పిలిచాను దీన్ని?

నీ కృప

నాగాయలంక
4 మార్చి 2024

కృపా,

క్షేమంగా చేరాను. బస్సులో సీటు దొరికింది, పక్కన కూర్చున్నావిడ మోపిదేవి దాకా తన కోడలి మీద నేరాలు చెప్పింది. నాకు నవ్వొచ్చింది, ఎందుకంటే నా సంచిలో ఉన్నవన్నీ మా అల్లుడి మంచితనాలే.

కోప్పడనంటే ఒక మాట చెప్తాను. నీ జనవరి ఉత్తరం చదివి గుండె చేతిలో పట్టుకుని వచ్చాను. ఉన్న వారం రోజులూ రెండు కళ్ళూ రెండు చెవులూ అక్కడే పెట్టాను. ఏం చూశాను? పొద్దున్నే "కృపా, మందు వేసుకున్నావా?" అంటాడు. సాయంత్రం జామకాయలు తెచ్చి "అత్తయ్యగారూ, మీ మేనకోడలు ఏమీ తినడం లేదు, మీరైనా చెప్పండి" అంటాడు. నా మోకాళ్ళకి నూనె వేడి చేసి ఇచ్చాడు. భోజనాల దగ్గర మీ మావయ్య సంగతులు అడిగి మరీ నవ్వాడు. నువ్వేమో బెల్లంకొట్టిన రాయిలా కూర్చున్నావు. మాట్లాడనిది నువ్వే!

పైవాళ్ళ ముందు నటిస్తాడని నువ్వంటావు. ఒక పూటంటే సరే, వారం రోజులు ఎవడు నటిస్తాడే? కడుపుతో ఉన్నప్పుడు లేనిపోని అనుమానాలు వస్తాయి. నేను కనకపోయినా కన్నవాళ్ళని పదిమందిని చూశాను. బిడ్డ కదలనీ, తండ్రి చెయ్యి పడనీ, అప్పుడు చూడు ఆ మనిషి నోరు ఎలా తెరుచుకుంటుందో.

ఒక్క సంగతి మాత్రం మనసులో ముల్లులా ఉంది. బస్సు కదిలేటప్పుడు కిటికీలోంచి చూశాను. నాకు చెయ్యి ఊపుతూ నవ్వుతున్నవాడు నీ వైపు తిరిగాడు. బస్సు మలుపు తిరిగిపోయింది, సరిగా చూడలేదు. ఏమీ లేదులే.

అత్త

మచిలీపట్నం
29 ఏప్రిల్ 2024

అత్తా,

నువ్వు సరిగానే చూశావు. బస్సు కదిలిందో లేదో ఆ నవ్వు పోయింది. బస్టాండు నుంచి ఇంటికి మూడు గజాల ముందు నడిచారు, నేను కడుపు పట్టుకుని వెనకాల. కోనేరు సెంటర్లో ఆగి కొబ్బరిబోండం తాగి డబ్బులిచ్చి నడిచారు. ఒక్కటే కొన్నారు.

దాన్ని వదిలెయ్. నీకు రాయాలని కూర్చున్నది అది కాదు.

నిన్న మొన్నటిదాకా బిడ్డ కదలికలు సన్నగా నాకే తెలిసేవి. పోయిన ఆదివారం చర్చి నుంచి వచ్చి కూర్చుంటే గట్టిగా తన్నింది. "అబ్బా" అన్నాను. పేపరు పక్కన పడేసి ఆయన వచ్చారు. నా ముందు నేల మీద కూర్చుని కడుపు మీద చెయ్యి పెట్టారు. మళ్ళీ తన్నింది. ఆయన మొహం వెలిగిపోయింది. నువ్వు చెప్పిందే నిజమైంది, నోరు తెరుచుకుంది. నాకు కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి.

ఎంత మెత్తగా అన్నారో! "నాన్నా, మీ అమ్మకి చెప్పు, ఇవాళ చారులో ఉప్పు తక్కువైందని."

సరదా అనుకున్నాను. నవ్వాను. "అయితే వేసుకోండి" అన్నాను. ఆయన నా మాట విననట్టే లేచి వెళ్ళిపోయారు.

అప్పటి నుంచి రోజూ అంతే. పొద్దున్నే వచ్చి వంగి, "మీ అమ్మకి చెప్పు, నేను త్వరగా వెళ్ళాలి, క్యారేజీ కట్టమని." సాయంత్రం, "మీ అమ్మకి చెప్పు, కాలేజీకి వెళ్ళింది చాలు, వచ్చే నెల నుంచి మానెయ్యమని." నా మొహం చూడరు. నేను జవాబిస్తే వినరు. సుమలత వదిన ఫోన్‌లో ఈ ముచ్చట విని, "చూశావా, మా తమ్ముడికి బిడ్డంటే ఎంత ప్రాణమో!" అని ఏడ్చేసింది. చర్చిలో అమ్మగారు ఇది సాక్ష్యంగా చెప్పమంటున్నారు.

ఇప్పుడు నేను చేసింది చెప్తాను. నిన్న మధ్యాహ్నం అన్నం వడ్డించి పిలిచాను. రాలేదు. మళ్ళీ పిలిచాను. కూర చల్లారిపోతోంది, నాకు నిలబడే ఓపిక లేదు. అప్పుడు నా చెయ్యి దానంతట అదే కడుపు మీదకి వెళ్ళింది. "మీ నాన్నకి చెప్పు, అన్నం వడ్డించానని" అన్నాను.

ఆయన వెంటనే లేచి వచ్చారు అత్తా. కూర్చుని కలుపుకుంటూ నవ్వారు. నేనూ నవ్వాను. ఎంత హాయిగా ఉందో ఆ నిమిషం నీకు చెప్పలేను. ఇంట్లో మాటలు నడిచాయి. ఆయన "మీ అమ్మకి చెప్పు, వంకాయ బాగుందని" అన్నారు. నేను "మీ నాన్నకి చెప్పు, ఇంకాస్త వేసుకోమని" అన్నాను. అలా భోజనం అయ్యేదాకా ఆడుకున్నాం.

గిన్నెలు సర్దుతుంటే అప్పుడు తెలిసింది, నేనేం చేశానో. ఇంకా పేరు పెట్టలేదు. ఆడో మగో తెలియదు. ఊపిరి కూడా పీల్చని దానితో మేమిద్దరం అప్పుడే చాకిరీ చేయించుకుంటున్నాం. రేపు ఇది పుడుతుంది, నడుస్తుంది, ఈ గదికీ ఆ గదికీ మా మాటలు మోస్తుంది. ఒక్కటి తప్పు మోస్తే ఆయన దాన్ని చూడడం మానేస్తారు. అప్పుడు నేను కూడా ఆయన్ని మాట్లాడించడానికి దాన్నే ముందుకి తోస్తాను. నిన్న తోశాను. అది చాలా తేలికగా ఉంది. ఆయనంటే నాకు ఇంత భయం ఎప్పుడూ వెయ్యలేదు, నేనంటే వేసింది.

శనివారం పొద్దున్న బస్సుకి రా. డాక్టరనో, నీకు ఒంట్లో బాగాలేదనో ఏదీ కల్పించకు. నేను సంచి సర్ది గుమ్మంలో పెట్టి ఉంచుతాను. ఆయన నీకు ఎదురొస్తారు, అత్తయ్యగారూ అని కుర్చీ వేస్తారు. నీతో చాలా బాగా మాట్లాడతారు. నాతో కూడా మాట్లాడతారు, నువ్వుంటావు కాబట్టి. పేరు పెట్టి పిలుస్తారు. నేను ఆగిపోతానేమో అత్తా. ఆయన మాటా వినకు, నా మాటా వినకు. సంచి తీసుకుని ముందు నడువు.

కృప